ఎనిమిదేళ్ల తర్వాత మళ్ళీ బకెట్ దించితే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: ‘ఒకప్పుడు ఇంట్లో బీరు చేసేవాణ్ణి, మానేశాను, మళ్ళీ మొదలుపెడదామనుంది.’ పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు కాబోలు. నేనూ ఆ బాపతే. 2005లో ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ స్టవ్ మీద మొదలుపెట్టి, 2013లో ఇల్లు మారినప్పుడు సామాను అటకెక్కించి, 2019లో మళ్ళీ కిందికి దించాను. అందుకని ఈసారి పేజీ అంతా తిరిగొచ్చిన వాళ్లకే.

ప్ర: మా రెండోవాడు పుట్టినప్పుడు ఆపేశాను, ఎనిమిదేళ్లయింది. గరాజ్‌లో రెండు ప్లాస్టిక్ బకెట్లు, గాజు కార్బాయ్ (పెద్ద సీసా), చల్లార్చే రాగి కాయిల్, నలభై ఖాళీ సీసాలు, సీల్ తియ్యని మాల్ట్ సిరప్ డబ్బా ఉన్నాయి. ఫ్రీజర్‌లో హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), ఫ్రిజ్‌లో ఈస్ట్ ప్యాకెట్ కూడా దొరికాయి. కడిగి వాడేసుకోవచ్చా? మొదటి బ్యాచే పాడైతే మా ఆవిడ ముందు తలెత్తుకోలేనని టెన్షన్‌గా ఉంది. — ఓ పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జ: సామాను మొత్తం గరాజ్ నేల మీద పరిచి, ఒక్కొక్కటీ నొక్కి చూడండి. గట్టిగా ఉన్నవి ఉంచండి, మెత్తగా ఉన్నవి పారేయండి. స్టీలు గిన్నె, గాజు, రాగి, సీసాలు ఉంటాయి. రబ్బరు బిరడాలు, ప్లాస్టిక్ గొట్టాలు, వాషర్లు చెత్తబుట్టకి వెళ్తాయి. గొట్టం లోపల ఒకసారి పాచి పట్టిందంటే ఏ బ్రష్షూ దాన్ని వదిలించలేదు. కొత్త గొట్టం ఖరీదు ఒక కాఫీ అంత.

బకెట్లు గట్టివే గానీ వాటికి ఈ లెక్క వర్తించదు. గోరుతో లోపలి గోడ మీద గీసి చూడండి. గీతలు తగిలితే ఆ బకెట్ కారు కడగడానికి పనికొస్తుంది, బీరుకు కాదు. ఆ గీతల్లో దాక్కున్న బ్యాక్టీరియాకి శానిటైజర్ అందదు.

ఇక బకెట్‌కి కుళాయి ఉందా? ఉంటే నా కథ వినండి. 2019లో తిరిగి మొదలుపెట్టాక నావి వరసగా మూడు బ్యాచ్‌లు పుల్లబడి పాడయ్యాయి. మొదటిసారి ఈస్ట్‌ని తిట్టుకున్నాను, రెండోసారి నీళ్లని. మూడోసారి, ఇంకేం తిట్టుకోవాలో తెలియక, కుళాయిని వేణ్నీళ్లలో నానబెట్టి వెనక నుంచి బొటనవేలితో గట్టిగా నెట్టాను. టక్కుమని రెండు ముక్కలైంది. అది రెండు ముక్కలని నాకు పద్నాలుగేళ్లుగా తెలియదు! లోపలి గొట్టానికీ పైతొడుగుకీ మధ్య, వెన్న రాసినట్టు పసుపుపచ్చటి జిగురు. వాసన చెప్పనక్కర్లేదు. బీరు సీసాల్లోకి వెళ్లే ఆఖరి గుమ్మం అదే. మిగతా అంతా అద్దంలా కడుక్కుని, ప్రతిసారీ ఆ జిగురు మీదుగా పోసుకున్నానన్నమాట. మా అమ్మ తెనాలిలో ఆవకాయ జాడీ దగ్గరికి తడి చేత్తో ఎవర్నీ రానిచ్చేది కాదు. ఆ పెంపకంలో పెరిగినవాణ్ణి చేసిన పని ఇది.

రాగి కాయిల్ మీద గోధుమరంగు ఉంటే ఫర్వాలేదు. పచ్చటి చిలుము ఉంటే మాత్రం వెనిగర్‌లో నానబెట్టి, మెరిసేదాకా తోమి, బాగా కడగండి. సీసాలని వెలుతురుకి ఎత్తిపట్టి అడుగు చూడండి. ఎండిన మడ్డి ఉంటే ఆక్సిజన్ క్లీనర్ కలిపిన వేడినీళ్లలో రాత్రంతా ముంచితే వదిలిపోతుంది, లేబుళ్లు కూడా ఊడొస్తాయి. మూతలు కొత్తవి కొనండి. మరమూతల సీసాలు కలిసిపోయి ఉంటే ఏరేయండి, వాటికి మన మూత సరిగా పట్టదు. కార్బాయ్‌ని తడి చేతులతో మెడ పట్టి ఎత్తకండి. అది జారి పగిలితే కుట్లు పడే గాయాలవుతాయి. పాల క్రేట్‌లో కూర్చోబెట్టి క్రేట్‌ని ఎత్తండి.

సరుకుల్లో ఏదీ దాచుకోకండి. ఎనిమిదేళ్ల సిరప్ తారులా నల్లబడి ఉంటుంది, బీరుకి సిరా రుచి వస్తుంది. హాప్స్ ప్యాకెట్ తెరిచి వాసన చూడండి. పాత సాక్సూ ముక్కిన చీజూ కలిసిన వాసన వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. చెత్తలో వేసేటప్పుడు మూత బిగించండి, హాప్స్ కుక్కలకి విషం. ఈస్ట్ చచ్చిపోయి ఉంటుంది, అయినా దానికో ఉపయోగం ఉంది. కొత్త బ్యాచ్ మరిగేటప్పుడు అందులో వేసేయండి, కొత్త ఈస్ట్‌కి ఆహారమవుతుంది.

హైడ్రోమీటర్‌ని, అదే చిక్కదనం కొలిచే గాజు గొట్టాన్ని, మామూలు నీళ్లలో, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తేల్చండి. 1.000 చూపించాలి. లోపలి కాగితం జారితే తప్పు చెబుతుంది. థర్మామీటర్‌ని ఐస్ నీళ్లలో ముంచి చూడండి. పాత శానిటైజర్ ఉంటే, ఆమ్లం రకమైతే చిక్కటిది ఏళ్ల తరబడి నిలవుంటుంది. 5 గ్యాలన్ల నీళ్లకి 1 ఔన్స్ చాలు. నురగొస్తే రానీయండి, దాన్ని కడగక్కర్లేదు. దాన్ని బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది.

మీ ఊరి నీళ్ల సంగతి. ఉత్తర టెక్సస్‌లో మనవైపు కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది. మరిగించినా తేలిగ్గా పోదు, బీరులో బ్యాండ్ ఎయిడ్ వాసనై తేలుతుంది. దాన్ని విరిచే కాంప్‌డెన్ బిళ్ల ఒకటి 20 గ్యాలన్లకి సరిపోతుంది. మీ 5 గ్యాలన్లకి పావు బిళ్ల పొడిచేసి కలపండి, నిమిషాల్లో పని అయిపోతుంది. మార్చిలో కొన్ని వారాలు నీటి సరఫరా వాళ్లు ఉత్త క్లోరిన్‌కి మారతారు, అప్పుడూ ఇదే మందు.

ప్ర: అప్పట్లో నేను ధాన్యం నుంచే చేసేవాణ్ణి, అదీ డబుల్ ఐపీఏలు (హాప్స్ దట్టించిన ఘాటు బీర్లు). ఇప్పుడు శనివారమంతా పిల్లల క్లాసులకి డ్రైవింగే సరిపోతోంది. ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచే మొదలుపెట్టాలా? ఎక్స్‌ట్రాక్ట్‌కి, అంటే రెడీమేడ్ మాల్ట్ సిరప్‌కో పొడికో, దిగితే నామోషీనా? — ఎడిసన్, న్యూజెర్సీ

జ: నామోషీ ఎవరి ముందండీ, బకెట్ ముందా? నేనూ మీలాగే ఆలోచించి, పాత నోట్‌బుక్ తెరిచి, 2013 నాటి డబుల్ ఐపీఏ 5 గ్యాలన్లు ఎత్తుకున్నాను. ఏడు గంటలు పట్టింది. థర్మామీటర్ ఆరు డిగ్రీలు తప్పు చూపిస్తోందని సగం పనయ్యాక తెలిసింది. గొట్టం ఎక్కడ పెట్టానో తెలియదు, వెతుక్కునేలోపు గిన్నె పొంగింది. చేతులకి మతిమరుపు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

మొదటిది రెండున్నర గ్యాలన్లే చేయండి, మాల్ట్ పొడితో. మూడు గ్యాలన్ల నీళ్లు వేడి చేసి, మరిగేముందు స్టవ్ కట్టేసి, లేత రంగు మాల్ట్ పొడి 3 పౌండ్లు కలపండి. ఉప్మాలో రవ్వ పోసినట్టు, ఒక చేత్తో సన్నగా వదులుతూ రెండో చేత్తో తిప్పుతూ ఉండాలి. ఆవిరి తగిలిందంటే పొడి సంచిలోనే రాయైపోతుంది. మళ్ళీ వెలిగించాక పాలకి కాపలా ఉన్నట్టు ఉండండి, మొదటి పొంగు చెప్పి రాదు. పొంగు అణిగాక కాస్కేడ్ రకం హాప్స్ అర ఔన్స్, అంటే 14 గ్రాములు వేసి గంట మరిగించండి. ఆఖరి పది నిమిషాలకి ఇంకో అర ఔన్స్, స్టవ్ కట్టేశాక మరో అర. ఔన్స్ ప్యాకెట్లు రెండు కొంటే ఇంకో అర మిగులుతుంది. దాన్ని ఫ్రీజర్‌లో దాచి, పదో రోజున నేరుగా బకెట్‌లో వేయండి, వాసన బాగుంటుంది.

సింకులో ఐస్ వేసి గిన్నెని కూర్చోబెడితే అరగంటలో చల్లారుతుంది. ఇక్కణ్ణుంచి తగిలేవన్నీ శానిటైజ్ చేసినవే కావాలి. వర్ట్‌ని, అదే మన మాల్ట్ కషాయాన్ని, ఎత్తు నుంచి బకెట్‌లోకి చప్పుడయ్యేలా పోయండి, ఈస్ట్‌కి గాలి కావాలి. పొడి ఈస్ట్ ప్యాకెట్ కత్తిరించి పైన చల్లేయండి. మనం ఆపేసిన రోజుల్లో గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పళ్లెం మూతపెట్టి, నానా హంగామా చేసేవాళ్లం. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద తయారీదార్లే నేరుగా చల్లమంటున్నారు. వారం తర్వాత రెండో బకెట్‌లోకి మార్చే తతంగం కూడా చాలామంది వదిలేశారు. మారిస్తే గాలి తగలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

65 డిగ్రీల చుట్టూ ఉండే గదిలో రెండు వారాలు ఉంచండి. మొదట్లో 1.052 దగ్గర ఉన్న హైడ్రోమీటర్ 1.011కి దిగుతుంది. ఆ రెండింటి తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఇక్కడ 5.4. పైన తేటని తీసుకుని, 60 గ్రాముల కార్న్ షుగర్‌ని కప్పు నీళ్లలో మరిగించి కలిపి, సీసాల్లో పోయండి. ఇరవై పైచిలుకు వస్తాయి. వంటగదిలో మీ పని రెండున్నర గంటలు. పిల్లలు కూచిపూడి క్లాసు నుంచి వచ్చేలోపు గిన్నె కూడా తోముకోవచ్చు.

ఇది రెండుసార్లు చేశాక ధాన్యం వైపు వెళ్లండి. అప్పుడు కూడా పాత కూలర్, పైపుల సెటప్ అక్కర్లేదు. పెద్ద గుడ్డసంచిలో ధాన్యం పోసి, అదే గిన్నెలో గంట నానబెట్టి సంచి ఎత్తేసే పద్ధతి ఇప్పుడు చాలామందికి అలవాటైంది. పిండేటప్పుడు చేతులు కాల్చుకోకండి.

ప్ర: మా గరాజ్ జూన్ నుంచి సెప్టెంబరు దాకా నూరు డిగ్రీలు. ఇంట్లో పెట్టనివ్వరు. అంటే వేసవంతా సెలవేనా అన్నా? — హ్యూస్టన్

జ: మామూలు ఈస్ట్‌కైతే సెలవే తమ్ముడూ. పులిసేటప్పుడు లోపల వేడి ఇంకో అయిదు, పది డిగ్రీలు పెరుగుతుంది. నూరు డిగ్రీల్లో మామూలు ఏల్ ఈస్ట్ పెడితే నెయిల్ పాలిష్ రిమూవర్ ఘాటొస్తుంది, మర్నాడు తల పగిలిపోతుంది.

కానీ నువ్వు మానేసిన తర్వాత మార్కెట్‌లోకి ఓ వింత వచ్చింది. నార్వేలో పల్లె రైతులు తరతరాలుగా ఇళ్లల్లో దాచుకున్న ఈస్ట్, క్వైక్ అంటారు. చెక్క రింగులకి పట్టించి ఎండబెట్టి, మళ్ళీ బీరు చేసే రోజు వరకూ దాచేవాళ్లట. మన ఇళ్లల్లో నిన్నటి పెరుగు చుక్కతో ఇవాళ్టి పాలు తోడేసినట్టే. వాస్ అనే ప్రాంతం రకం పొడి ప్యాకెట్‌గా దొరుకుతోంది. దానికి 95 నుంచి 104 డిగ్రీల మధ్యే హాయి. మూడు నాలుగు రోజుల్లో పని ముగించేస్తుంది, కాస్త నారింజ వాసన వస్తుంది. చలి తగిలితే ముడుచుకుంటుంది, కాబట్టి రాత్రిళ్లు బకెట్‌కి పాత దుప్పటి కప్పు. హ్యూస్టన్ గరాజ్‌లో బీరుకి దుప్పటి కప్పడం చూసి పక్కింటివాళ్లు ఏమనుకుంటారో నాకు తెలియదు.

నారింజ వాసన నచ్చకపోతే పాత ఉపాయం ఉంది. టబ్బులో నీళ్లు, అందులో బకెట్, బకెట్‌కి తడి టీషర్ట్, పొద్దునా సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు మార్చడం. అది కూడా ఇంటి లోపలి బాత్రూమ్‌లోనే పనిచేస్తుంది, మీ గరాజ్‌లో కాదు.

ప్ర: బీరు చేసేది నేను కాదు, మావారు. మళ్ళీ మొదలుపెడతానంటున్నారు. ఇల్లంతా వాసన వస్తుందా? సీసాలు పేలతాయని విన్నాను, నిజమేనా? పైగా ఒక్కసారికి యాభై సీసాలట, ఎవరు తాగుతారు? — నేపర్‌విల్, ఇల్లినాయ్

జ: అమ్మా, మూడూ సరైన ప్రశ్నలే. వాసన వస్తుంది, మరిగించే రోజు మధ్యాహ్నం మాత్రమే. హార్లిక్స్ డబ్బా మూత తీసినట్టుంటుంది, అదీ ఇదీ మొలకెత్తించిన బార్లీయే కదా. సాయంత్రానికి పోతుంది. గాజు స్టవ్ మీద పొంగితే మాత్రం నల్లగా మాడి అంటుకుంటుంది. ఆయన చేతే గీకించండి.

పేలడం నిజమే, నా చేతుల మీదుగానే జరిగింది. 2008లో. పులియడం పూర్తయిందో లేదో కొలవకుండా, చక్కెర కళ్లతోనే కొలిచి సీసాల్లో పోశాను. రాత్రి రెండింటికి గరాజ్‌లోంచి టపాకాయల చప్పుడు. వెళ్లి చూస్తే అయిదు సీసాలు పోయాయి. ఒక గాజుముక్క గోడవార ఉన్న ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచిలో దిగి ఉంది. బియ్యం మొత్తం పారబోశాం. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఏ గొడవైనా చివరికి బయటికొస్తుంది.

మీవారిని రెండే అడగండి. ‘హైడ్రోమీటర్ మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఒకే అంకె చూపించిందా?’ ‘చక్కెర తూచారా?’ రెండింటికీ అవునంటే భయం లేదు. అయినా మొదటి రెండు వారాలు సీసాలని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచమనండి.

యాభై సీసాల సంగతి, పైన ఎడిసన్ ఆయనకి చెప్పిన సగం కొలతే చేయమనండి. నాకు యాభై ఏళ్లు దాటాక ఎప్పుడూ అంతకు మించి చేయలేదు. వారానికి రెండు తాగుతాను, మిగతావి పంచుతాను. ఆయన మానేసింది డాక్టర్ చెప్పినందుకో, తాగుడు ఎక్కువైనందుకో అయితే మాత్రం అది వేరే కథ. అప్పుడు ఈ పేజీ చింపేయండి, నేనేమీ అనుకోను.

ప్ర: అమెరికా నుంచి తిరిగొచ్చేశాం. కంటైనర్‌లో నా కెటిల్, కెగ్‌లు అన్నీ తెచ్చుకున్నాను. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో సొంతానికి చేసుకుంటే తప్పేముంది? — హైదరాబాద్

జ: తప్పే, చట్టరీత్యా. అక్కడ లైసెన్సు లేకుండా మద్యం తయారీ ఎక్సైజ్ నేరం. ఆంధ్రలోనైనా అంతే. ‘అమ్మట్లేదు కదా, నాకోసమే’ అన్న మినహాయింపు లేదు. మనం అలవాటుపడింది ఇక్కడి, అమెరికా వెసులుబాటుకి. అది కూడా ఇక్కడ ఆది నుంచీ ఉన్నది కాదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాకే ఇంటి బీరుకి ఫెడరల్ పన్ను లేకుండా అనుమతి దొరికింది: పెద్దవాళ్లు ఒకరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఇంటికి 200. అమ్మడానికి వీల్లేదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దారికొచ్చాయి. మిసిసిపీ, అలబామాలు 2013లో గానీ ఒప్పుకోలేదు.

మీ ఊళ్లో మైక్రో బ్రూవరీలు ఉన్నాయి, అక్కడ టేబుల్ చూసుకోండి. వాటి బ్రూయర్లు తీరిక దొరికితే మాట్లాడతారు, మన భాష మాట్లాడేవాళ్లు దొరికితే వాళ్లకీ సరదాయే. కెటిల్ మంచి స్టీలు, సంక్రాంతికి అరిసెల పాకం పట్టుకోండి.

ప్ర: గరాజ్ సర్దుతుంటే పదేళ్ల క్రితం నేను చేసిన సీసాలు నాలుగు దొరికాయి. తాగొచ్చా? — ఆల్ఫరెట్టా, జార్జియా

జ: ముందు కళ్లద్దాలు పెట్టుకుని, సింకులో నిలబెట్టి, పైన తువ్వాలు కప్పి మూత తియ్యండి. పాత సీసాల్లో ఒక్కోసారి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. బూజు కనిపించినా, ముక్కు వద్దన్నా పారబోయండి. లేకపోతే గుక్కెడు రుచి చూడొచ్చు. పాతబడ్డ బీరు నాలుకని బాధపెడుతుందే గానీ మామూలుగా ప్రాణం మీదికి తేదు.

నాకూ 2019లో అటక మీద రెండు దొరికాయి. ఒకటి పేల్ ఏల్. తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది, సింకులో పోశాను. రెండోదాని మూత మీద మార్కర్‌తో ‘బా.వై. 2012’ అని నా రాతే. బార్లీ వైన్, 10 శాతం పైన ఆల్కహాల్ ఉన్న చిక్కటి రకం. నురగ రాలేదు, గ్యాస్ ఎప్పుడో పోయింది. రంగు చింతపండు పులుసులా ఉంది. వాసన ఖర్జూరంలా, రుచి బెల్లప్పాకంలో నానిన కిస్‌మిస్‌లా ఉంది. చిన్న గ్లాసుల్లో పోసి నేనూ మా ఆవిడా డిసెంబరు చలిలో మెట్ల మీద కూర్చుని తాగాం. మీ నాలుగింటిలో ముదురు రంగువీ, ఘాటువీ ఏవైనా ఉంటే వాటిని ఆఖర్న తెరవండి.